ఐపీ పెట్టినా పిల్లల మెయింటెనెన్స్ పోదు, ఈ సంగతి కూడా అచ్చు వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మన జిల్లా పేజీలో తరచూ 'ఐపీ పెట్టిన వ్యాపారి' అని, అంటే అప్పులు తీర్చలేనని కోర్టులో దివాలా పిటిషన్ వేసినవాడని, వార్తలు వస్తుంటాయి. ఎన్ని లక్షలకు పెట్టాడు, ఎంతమందికి నోటీసులు అందాయి, అప్పులిచ్చినవాళ్లు ఇంటి ముందు ఎట్లా బైఠాయించారు, అన్నీ రాస్తారు. రాయాల్సిందే. కానీ ఆ అప్పులవాళ్ల గుంపులో కనిపించని మనిషి ఒకరుంటారు, భర్తతో విడిపోయి పుట్టింట్లోనో అద్దె గదిలోనో పిల్లలను పెట్టుకుని బతుకుతున్న భార్య. కోర్టు ఆ పిల్లల ఖర్చుకు నెలకింత అని ఆర్డర్ ఇచ్చి ఉంటుంది, ఆ పైసలు ఎప్పుడో నిలిచిపోయి ఉంటాయి, ఇప్పుడేమో పేపర్లో ఐపీ అని చూస్తుంది. చుట్టాలు, పక్కింటివాళ్లు, పంచాయితీ చేసిన పెద్దమనుషులు అందరూ ఆమెకు చెప్పేది ఒకటే: "ఐపీ పెట్టిండు గదమ్మా, ఇగ నీకేమొస్తది, ఊకో."

అది తప్పు. ఐపీ పెట్టినంత మాత్రాన పిల్లల మెయింటెనెన్స్ బాకీ పోదు. ఈ సంగతి మీ పేపర్లో ఒక్కసారి స్పష్టంగా వస్తే నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలామంది ఆడవాళ్లకు పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

నేను లాయర్‌ను కాను. మా చెల్లెలి కేసు వెంట తిరుగుతూ, లీగల్ ఎయిడ్ తరఫున పెట్టిన లాయరమ్మను అడిగి, ఆమె చూపించిన సెక్షన్లు చదివి తెలుసుకున్నదే రాస్తున్నాను.

మన దగ్గర చిన్న వ్యాపారి, కమీషన్ దుకాణం పెట్టినవాడు, కాంట్రాక్టులు చేసినవాడు ఐపీ పెట్టేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద. 2016లో ఐబీసీ అని కొత్త దివాలా చట్టం వచ్చింది గానీ, అందులో వ్యక్తుల గురించి ఉన్న భాగం కంపెనీ అప్పులకు హామీ సంతకం పెట్టినవాళ్లకు మాత్రమే, అదీ 2019 డిసెంబర్ నుంచి అమలు చేశారు. హాలియాలోనో దేవరకొండలోనో షాపు పెట్టి మునిగినవాడికి ఇంకా ఆ పాత చట్టమే. ఎంత పాతదంటే, ఐదు వందల రూపాయల అప్పు ఉండి తీర్చలేకపోతే చాలు ఐపీ పెట్టుకోవచ్చని ఇప్పటికీ అందులో ఉంది. అంత పాత చట్టంలో కూడా 44వ సెక్షన్‌లో ఒక సంగతి తేటగా రాసి పెట్టారు. దివాలా తీసినవాడికి కోర్టు డిశ్చార్జి ఇచ్చి మిగతా అప్పుల నుంచి విముక్తి చేసినా కొన్ని బాకీలు మాత్రం వాడి మెడ మీదనే ఉంటాయి. ప్రభుత్వానికి కట్టాల్సినవి, మోసం చేసి తెచ్చినవి, మేజిస్ట్రేట్ ఇచ్చిన మెయింటెనెన్స్ ఆర్డర్ కింద కట్టాల్సినవి. ఆ చివరిది మన పిల్లలది.

ఇక్కడ ఒక మెలిక పెడతారు, ముందే తెలిసి ఉంటే మంచిది. ఆ సెక్షన్‌లో పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని మెయింటెనెన్స్ సెక్షన్ 488 అని ఉంటుంది. 1973 కోడ్‌లో అదే 125 అయింది, 2024 జూలై 1 నుంచి ఆ కోడ్ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 144 అయింది. "488 అనేదే ఇప్పుడు లేదు, అది మీకు వర్తించదు" అని అవతలి వాళ్లు అంటే బెదిరిపోవద్దు. ఒక చట్టాన్ని తీసేసి దాన్నే మళ్లీ కొత్తగా రాసినప్పుడు పాత నంబర్ ఉన్నచోట కొత్త నంబర్ చదువుకోవాలని జనరల్ క్లాజెస్ చట్టమే చెప్తోంది. కొత్త ఐబీసీలో కూడా ఏ చట్టం కిందనైనా సరే మెయింటెనెన్స్ కట్టాల్సి ఉంటే దాన్ని మినహాయించిన అప్పుల్లో చేర్చారు, అంటే డిశ్చార్జి వచ్చినా ఆ బాకీ రద్దు కాదు. పాతదాంట్లోనూ పోదు, కొత్తదాంట్లోనూ పోదు.

మా చెల్లెలి సంగతి చెప్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఆమె భర్తది సాగర్ ఎడమ కాల్వ కింద ఒక ఊరు. ఎరువుల దుకాణం, సీజన్‌లో ధాన్యం కమీషన్. ఎందుకు విడిపోయారనేది ఇక్కడ అనవసరం, పిల్లలిద్దరూ ఆమె దగ్గరే ఉన్నారు, పాప ఏడో తరగతి, బాబు నాలుగు. ఇద్దరికీ కలిపి నెలకు తొమ్మిది వేలు ఇవ్వమని కోర్టు చెప్పింది. మొదట్లో రెండు వేలు, మూడు వేలు అని ఫోన్‌పేలో ముక్కలు ముక్కలుగా వేసేవాడు, తర్వాత అదీ బంద్. అడిగితే ఫోన్ ఎత్తడు. వాళ్ల అమ్మకు ఫోన్ చేస్తే, "ఏం జేస్తడు బిడ్డా, వానికే తినతందుకు లేదు" అని ఆమె పెట్టేసేది. ఒకరోజు పేపర్లో వార్త చూసి మాకు తెలిసింది, అతను ఐపీ పెట్టాడని. కోర్టు నుంచి మా చెల్లెలికి ఏ నోటీసూ రాలేదు, ఎందుకంటే అప్పులవాళ్ల జాబితాలో ఆమె పేరు, పిల్లల పేర్లు పెట్టనే లేదు.

కోర్టులో కాపీ అప్లికేషన్ వేసి ఆ పిటిషన్ తెచ్చుకున్నాం. దానికి రెండు షెడ్యూళ్లు ఉంటాయి. ఒకదాంట్లో అప్పులు. మొదట బ్యాంకు, తర్వాత ఎరువుల డీలరు, చిట్టీల బాకీ, ఆ తర్వాత ధాన్యం వేసి పైసలు రాని రైతులు, ఒక్కొక్కరికి ముప్పై వేలు, డెబ్బై వేలు, లక్షా పది వేలు. ఆ కిందనే ప్రోనోట్లు. అతని సొంత మేనమామకు ఆరు లక్షలు, పెదనాన్న కొడుకుకు ఐదు లక్షలు, ఇంకొక దగ్గరి చుట్టానికి ఐదు లక్షలు, ఆ ప్రోనోట్ల తేదీలన్నీ ఒకే నెలలోవి. రెండో షెడ్యూల్లో ఆస్తి. ఒక ఇనుప మంచం, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టేబుల్ ఫ్యాన్, వంట సామాన్లు, కట్టుబట్టలు, అన్నీ కలిపి తొమ్మిది వేల ఐదు వందలు. మూడెకరాల చిల్లర తరి పొలం ఉండేది, అది ఎక్కడా లేదు. దుకాణం కూడా లేదు. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే కాగితం) తీసి, భూ రికార్డు ఆన్‌లైన్‌లో చూస్తే పొలం అతని అన్న పేరు మీదికి గిఫ్ట్ డీడ్ అయి ఉంది, ఐపీకి ఏడాది ముందు. దుకాణం లైసెన్సు వదిన పేరు మీద. గల్లా పెట్టె దగ్గర కూర్చునేది మాత్రం రోజూ అతనే.

ఆ కాగితాలు చేతిలో పట్టుకుని మా చెల్లె అడిగింది, నా పిల్లలు ఇందులో ఎక్కడున్నరక్కా అని. నా దగ్గర జవాబు లేదు అప్పటికి.

జవాబు చట్టంలోనే ఉందని తర్వాత తెలిసింది. ఐపీ పిటిషన్‌లో తన మీద ఉన్న అప్పులన్నీ, ఎవరికి ఎంత, వాళ్ల అడ్రస్‌లు, తన ఆస్తి ఎక్కడెక్కడ ఉంది, అంతా రాయాలని 13వ సెక్షన్ చెప్తుంది. కావాలని దాచిపెడితే 69వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. ఐపీకి ముందు రెండేళ్లలోపు ఆస్తిని ఊరికే రాసిచ్చేస్తే, అంటే నిజాయితీగా డబ్బు పెట్టి కొన్నవాడికి కాకుండా గిఫ్టులాగా ఇస్తే, 53వ సెక్షన్ కింద కోర్టు దాన్ని రద్దు చేయవచ్చు. ఆ రద్దు అడగాల్సింది రిసీవర్, అంటే దివాలా తీసినవాడి ఆస్తి చూసేందుకు కోర్టు పెట్టిన మనిషి, ఆయన అడగనంటే, బాకీ రుజువు చేసుకున్న అప్పులవాళ్లు ఎవరైనా కోర్టు అనుమతి తీసుకుని తామే అడగొచ్చు. ఇక్కడ తల్లులు గట్టిగా గుర్తు పెట్టుకోవాల్సింది ఏమిటంటే, ఆ ఐపీలో మీ బాకీ రుజువు చేసుకోకపోతే గిఫ్ట్ డీడ్ గురించి మాట్లాడే హక్కు మీకు దక్కదు. కాబట్టి పేరు పెట్టలేదు గదా అని ఇంట్లో కూర్చోకుండా ఐపీ కోర్టులోకి వెళ్లి, ఆర్డర్ కాపీ, ఎన్ని నెలలది రావాలో లెక్క, బ్యాంకు పాస్‌బుక్ నకలు పెట్టి క్లెయిమ్ వేయాలి.

రెండో విషయం, ఐపీ నంబర్ ఒకటి చేతికి రాగానే దాన్ని పట్టుకుని అన్ని కోర్టుల్లో తిరుగుతారు, కేసులన్నీ ఆగిపోవాలి అంటారు. పిటిషన్ వేసినంత మాత్రాన ఏదీ దానంతటది ఆగదు. కోర్టు ఆ మనిషిని దివాలాదారుగా ప్రకటిస్తూ ఆర్డర్ ఇచ్చిన తర్వాతే అతని ఆస్తి కోర్టు చేతికో రిసీవర్ చేతికో వెళ్తుంది, అప్పుడు ఆ ఆస్తి మీదికి వెళ్లాలంటే ఐపీ కోర్టు అనుమతి కావాలి. మన దగ్గర ఈ ప్రకటన దాకా రావడానికి ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు పిల్లల బాకీ పిటిషన్ పక్కన పెట్టించడానికి ఒప్పుకోవద్దు. మెయింటెనెన్స్ బాకీ పిటిషన్ ఒకవైపు, ఐపీలో క్లెయిమ్ ఒకవైపు, రెండూ నడపాలి. మా చెల్లెలి భర్త కూడా ఐపీ కాగితం చూపించి వాయిదా అడిగాడు. జడ్జి గారు ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్ వేయమన్నారు. 2020 నవంబర్‌లో రజనేశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత మెయింటెనెన్స్ కేసుల్లో ఇద్దరూ ఆ అఫిడవిట్ వేయాల్సిందే, అందులో బ్యాంకు ఖాతాలు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు అన్నీ అడుగుతారు. అఫిడవిట్ అనగానే అతని ముఖం మారింది. వారెంట్ దాకా వచ్చేసరికి ఇరవై వేలు కట్టాడు. తినడానికి లేదన్న మనిషి దగ్గర అవి ఎక్కడినుంచి వచ్చాయో మాకు తెలియదు, అడగలేదు, పాప స్కూల్ ఫీజు కట్టేశాం.

2024 డిసెంబర్‌లో సుప్రీం కోర్టు ఇంకో మంచి తీర్పు ఇచ్చింది. జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ ఉజ్జల్ భూయాన్ గార్ల బెంచ్, భార్యాపిల్లల మెయింటెనెన్స్ హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద గౌరవంగా బతికే హక్కులో భాగమని, బ్యాంకులకూ ఇతర అప్పులవాళ్లకూ, తాకట్టు ఆస్తి అమ్మి వసూలు చేసుకునే సర్ఫేసీ చట్టం కింద, ఐబీసీ కింద ఉన్న హక్కుల కంటే అది పైన ఉంటుందని చెప్పింది. ఇంతటి తీర్పు మన ఊళ్లలో ఎందరికి తెలుసు? హైదరాబాద్ పేజీలో వచ్చి ఉండొచ్చు. మిర్యాలగూడలో ఒక మిల్లు దగ్గర కూలికి పోయే తల్లికి అది ఎట్లా చేరాలి?

ఇక్కడ రైతుల మాట కూడా మాట్లాడాలి, లేకపోతే నా ఉత్తరం సగమే అవుతుంది. ఆ జాబితాలో ధాన్యం వేసి పైసలు రాక కూర్చున్నవాళ్లున్నారు. వాళ్లలో ఒకాయన కోర్టు వరండాలో నా పక్కనే కూర్చుని, "మేం ఆరుగాలం చేసినం తల్లీ, మాకు ముందు రావద్దా" అని అడిగాడు. ఆయన బాధ నిజం. ఆయన కూతురి పెళ్లి ఆ పైసల మీద ఆగింది. నేను ఆయనతో వాదించలేదు. కానీ ఆలోచిస్తే, రైతు తన పంట నమ్మి ఇచ్చాడు, బ్యాంకు వడ్డీ లెక్క వేసుకుని ఇచ్చింది, ప్రోనోటు మీద ఇచ్చినవాడు నూటికి రెండు రూపాయలకో మూడు రూపాయలకో ఇచ్చాడు. వీళ్లలో ప్రతి ఒక్కరూ ఇవ్వాలా వద్దా అని తేల్చుకునే ఇచ్చారు. ఏడో తరగతి పిల్ల ఆయనకు అప్పు ఇవ్వలేదు, ఆయనను నాన్నగా ఎంచుకోనూ లేదు. ఆమె పూట తిండి, పుస్తకాలు, జ్వరం వస్తే మందులు వచ్చే ఏడాదికి వాయిదా వేయడం కుదరదు. అందుకని వరుసలో పిల్లలు ముందు ఉండాలి, వాళ్ల వెనకనే రైతులు, కూలీలు ఉండాలి, చుట్టాల ప్రోనోట్లు అందరికంటే చివర ఉండాలి అని నేను గట్టిగా అనుకుంటున్నాను. దాచిన ఆ మూడెకరాలు బయటికి వస్తే రైతులకూ లాభమే కదా. ఆ తల్లికీ ఆ రైతుకూ మధ్య కొట్లాట పెట్టి పొలం అన్న పేరు మీద భద్రంగా ఉంచుకున్నవాడే అసలు లెక్క చెప్పాల్సినవాడు.

నిజంగా మునిగినవాళ్లు లేరని నేను అనడం లేదు. పత్తి పోయి, బోర్లు ఎండి, చిట్టీలవాళ్లు ఎత్తేసి రోడ్డున పడ్డవాళ్లు మన పక్కనే ఉన్నారు. వాళ్లకు చట్టంలో దారి ఉంది. పరిస్థితి మారితే మెయింటెనెన్స్ తగ్గించమని బీఎన్ఎస్ఎస్ 146 కింద, పాత 127 కింద, అదే కోర్టును అడగొచ్చు. ఆ దారిన వెళ్లి, ఇదీ నా ఆదాయం అని చూపించి, తొమ్మిది వేలు కాదు ఐదు వేలు ఇవ్వగలను అంటే ఏ తల్లీ కాదనదు. అడగకుండా, చెప్పకుండా, పూర్తిగా ఆపేసి ఐపీ వెనక దాక్కోవడం వేరు. ఒళ్లు బాగున్న మనిషి కూలి పని చేసైనా భార్యాపిల్లలను పోషించాల్సిందేనని 2022లో అంజు గార్గ్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. మన పాలమూరు అంటే, జనం ముంబై, పుణె దాకా పోయి మట్టి పని, కట్టడం పని చేసి ఇంటికి పైసలు పంపిన జిల్లా, మనకు ఈ మాట ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

మా వాడకట్టులో ఒక కుటుంబం అమ్మాయి అమెరికాలో ఉంటుంది. అక్కడ విడిపోయిన భర్త దివాలా పిటిషన్ వేస్తే ఈమెకు ఎంత టెన్షన్ పట్టుకుందో ఫోన్లో చెప్తూ ఏడ్చింది. అక్కడి పద్ధతి విన్నాక మన దగ్గర కూడా ఇట్లా ఉంటే ఎంత బాగుండు అనిపించింది. అక్కడ ఆస్తి అమ్మి పంచే దివాలా (చాప్టర్ 7) అయినా, వాయిదాల్లో కట్టే దివాలా (చాప్టర్ 13) అయినా పిల్లల పోషణ బాకీ రద్దు కాదు. 2005లో చట్టం మార్చి, తాకట్టు లేని బాకీల్లో దాన్ని మొదటి వరుసలో పెట్టారు. దివాలా పిటిషన్ పడగానే అప్పులవాళ్ల వసూళ్లన్నీ ఆగిపోతాయి గానీ, పిల్లల కోసం జీతంలోంచి కోసే కోత మాత్రం ఆగదు. చాప్టర్ 13 వేసినవాడు, పిటిషన్ వేసిన తర్వాత కట్టాల్సిన పిల్లల పైసలు కట్టకపోతే అతనికి డిశ్చార్జే ఇవ్వరు. ఇంకొకటి, నాకు చాలా నచ్చింది, దివాలా వ్యవహారం చూసే ట్రస్టీ ఆ తల్లికి ఉత్తరం రాసి, నీకు ఇవీ హక్కులు, వసూలుకు ఫలానా ప్రభుత్వ ఆఫీసు సాయం చేస్తుంది అని చెప్పాల్సిన బాధ్యత ఉంది. ఆమెకు ఆ ఉత్తరం వచ్చింది. మా చెల్లె పేపర్లో చూసి తెలుసుకుంది.

మన 1920 చట్టంలో లోటు అక్కడే. 44వ సెక్షన్ బాకీ చావకుండా కాపాడింది గానీ, దివాలా తీసినవాడి ఆస్తి అమ్మి పంచేటప్పుడు ఎవరికి ముందు ఇవ్వాలో చెప్పే 61వ సెక్షన్‌లో పిల్లల మాటే లేదు. ముందు వరుసలో ప్రభుత్వ బాకీలు, స్థానిక సంస్థల బాకీలు ఉన్నాయి, నౌకర్ల జీతాలకు ఇరవై రూపాయల పరిమితి ఉంది, నూరేళ్ల కిందటి ఇరవై రూపాయలు. సుప్రీం కోర్టు 2024లో చెప్పిన మాట పట్టుకుని లాయర్లు వాదించవచ్చు, వాదించాలి కూడా. కానీ ప్రతి తల్లీ సుప్రీం కోర్టు తీర్పు సంచిలో పెట్టుకుని తిరగాలా? దివాలా అనేది రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉంది, రాష్ట్రపతి ఆమోదంతో మన తెలంగాణ అసెంబ్లీ కూడా ఈ సెక్షన్ సవరించవచ్చు. మన రెండు ఉమ్మడి జిల్లాల ఎమ్మెల్యేలు, అన్ని పార్టీలవాళ్లు, దీని మీద ఒక్కసారి మాట్లాడాలని మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను. పెద్ద ఖర్చు లేదు, ఒక లైను చేర్చడమే.

చట్టం మారేదాకా ఆగలేని తల్లుల కోసం ఇంకో నాలుగు మాటలు. నెల నెలా ఎంత వచ్చింది, ఎంత రాలేదు అని ఒక నోట్‌బుక్ పెట్టండి. మా చెల్లె పిల్లల పాత లాంగ్ నోట్‌బుక్ వెనక పేజీల్లో రాసింది, నెల, రావాల్సింది, వచ్చింది, వచ్చిన తేదీ. కోర్టులో అదే పనికొచ్చింది. ఏ నెలది ఆ నెల బాకీ పడిన నాటి నుంచి ఏడాదిలోపు పిటిషన్ వేస్తేనే వారెంట్ వేస్తారు, కాబట్టి ఇస్తాడులే అని ఏళ్లు ఆగవద్దు. ఏడాది దాటినంత మాత్రాన హక్కు పోదని, వారెంట్ దారి మాత్రమే మూసుకుంటుందని 2013లో సుప్రీం కోర్టు చెప్పింది గానీ, ఆ తిప్పలు ఎందుకు. కట్టకపోతే కోర్టు నెల దాకా జైలుకు పంపవచ్చు. జైలుకు పోయి వచ్చినా ఆ బాకీ తీరినట్టు కాదు, ఇది సుప్రీం కోర్టు ఎప్పుడో చెప్పిన తీర్పు. "జైలుకు పోయొచ్చిన, లెక్క సాఫ్" అని ఊళ్లో తిరిగేవాళ్లకు ఈ సంగతి చెప్పండి. అతనికి ఎక్కడైనా జీతం వస్తుంటే, మెయింటెనెన్స్ డిక్రీ కింద జీతంలో మూడింట రెండు వంతుల దాకా జప్తు చేయించవచ్చు, మామూలు అప్పులవాడికి అంత దొరకదు. ఇంకా కేసు మొదట్లోనే ఉన్నవాళ్లు, పొలం గానీ ప్లాటు గానీ అతని పేరు మీద ఉంటే దాని మీద చార్జి, అంటే పిల్లల బాకీకి ఆ ఆస్తే పూచీ అని, పెట్టమని సివిల్ కోర్టులోనో ఫ్యామిలీ కోర్టులోనో అడగండి, డిక్రీలో చార్జి రాసి ఉంటే తర్వాత అన్న పేరు మీదికి మార్చినా ఆ పొలం మీద పిల్లల హక్కు వెంట వస్తుంది. మా చెల్లెలి కేసులో ఈ పని జరిగి ఉంటే ఇప్పుడు గిఫ్ట్ డీడ్ మీద ఇంత కొట్లాట ఉండేది కాదు.

లాయర్ ఫీజుకు భయపడి ఆగిపోయేవాళ్లే ఎక్కువ. ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్‌ను ఉచితంగా ఇవ్వాలని 1987 లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. తెల్ల కార్డు ఉండాలా, ఎమ్మార్వో దగ్గర ఆదాయం సర్టిఫికెట్ తేవాలా అని అడుగుతారు, అవసరం లేదు. ప్రతి జిల్లా కోర్టు దగ్గర న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా చెప్తారు. ఆడవాళ్లకు సాయం చేసే సఖి సెంటర్లు మన జిల్లాల్లో ఉన్నాయి, 181కి చేస్తే దారి చూపిస్తారు. మా చెల్లెకు లాయరమ్మ దొరికింది అట్లాగే. ఆమె ఒక్క రూపాయి తీసుకోలేదు, పైగా ఆ షెడ్యూల్లో ప్రోనోట్ల తేదీలు ఒకే నెలలో ఉన్నాయని మొదట కనిపెట్టింది ఆమే.

మా కేసు ఇంకా నడుస్తోంది. గిఫ్ట్ డీడ్ రద్దు అడుగుతూ వేసిన పిటిషన్ మీద అన్న తరఫున కౌంటర్ వేయాల్సి ఉంది, వాయిదాలు అడుగుతున్నారు. ఈ మధ్య పిల్లల తాత ఒకరోజు వచ్చి గేటు దగ్గర నిలబడి, "కోర్టులెందుకు బిడ్డా, మనం మనం మాట్లాడుకుందం" అన్నాడు. మా చెల్లె ఆయనను లోపలికి పిలిచి చాయ్ ఇచ్చింది, ఎంతైనా పిల్లల తాత. మాట్లాడేది ఏదున్నా జడ్జి గారి ముందు లోక్ అదాలత్‌లో మాట్లాడదాం మామా, అక్కడ రాసుకుంటే అది డిక్రీ లెక్క చెల్లుతది, అంది. ఆయన చాయ్ తాగి వెళ్లిపోయాడు.

చివరగా మీ పేపర్‌కు నా విన్నపం. ఇకమీద ఐపీ వార్త వేసినప్పుడు కింద రెండు లైన్లు చేర్చండి: ఐపీ వల్ల భార్యాపిల్లల మెయింటెనెన్స్ బాకీ రద్దు కాదు, ఉచిత న్యాయ సహాయానికి 15100. అలాగే ఐపీ పెట్టినవాడి మీద మెయింటెనెన్స్ కేసు ఏదైనా ఉందా, పిటిషన్‌లో ఆ బాకీ చూపించాడా అని మీ విలేకరులు ఒక్క మాట అడగాలి. న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు కూడా కోర్టు గేటు దగ్గర, బస్టాండులో తెలుగులో, ఉర్దూలో ఈ రెండు లైన్ల బోర్డు పెట్టిస్తే బాగుంటుంది. ఐపీ పెట్టించే లాయర్లకు కూడా ఒక మాట, అప్పుల షెడ్యూల్ రాయించేటప్పుడు మీ పార్టీని పిల్లలకు ఏమన్నా బాకీ ఉందా అని అడిగి రాయండి.

ఇట్లు
మీ పాఠకురాలు,
నల్లగొండ